హంసపాదు పడ్డ మైలురాయి

యల్లమందను చంపింది మీరు. వాగు చంపిందని పోలీసు కాగితంలో రాయించారు. అబద్ధం. బాంబు విసరడానికి వాగుకు చేతుల్లేవు. పందిళ్లపాడు ప్రెసిడెంటు బసివిరెడ్డీ, నువ్వు చంపావు. గాదెలూరు ప్రెసిడెంటు పున్నయ్యా, నువ్వు చంపావు. వాళ్ల వెనక కర్రలు పట్టుకుని నిలబడి, పొద్దుగూకే వేళకు ఇళ్లకు పోయి, కాళ్లు కడుక్కుని అన్నాలు తిన్న రెండూళ్ల జనమా, మీరూ చంపారు. నా ఒంటి మీద జరిగిన పని ఇది. చూడలేదనడానికి నాకు వీల్లేదు.

నేను ఒక మైలురాయిని. ఇప్పుడు పోలీసు స్టేషను వెనక, తుప్పుపట్టిన మోటారు సైకిళ్ల మధ్య పడి ఉన్నాను. నా నెత్తిన ఎర్ర రంగుతో కేసు నంబరు వేశారు. నా మాటల్లో సొగసు వెతక్కండి. నాకు చదువు లేదు. నా మీద చెక్కిన తొమ్మిది అక్షరాలూ ఒక అంకే, నాకొచ్చిన చదువంతా ఇంతే. ఆ తొమ్మిదితోనే మీ చరిత్ర మొత్తం చెబుతాను. మీకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఎర్రవాగుకు ఎగువన ఉన్న కొండలో యల్లమంద నన్ను బండ నుంచి విడదీశాడు. రాళ్లు కొట్టుకుని బతికే వడ్డెర మనిషి. చదవడం రాదు. ఓవర్‌సీరు సుద్దముక్కతో నా రెండు చెంపల మీదా అక్షరాలు గీసి పోతే, యల్లమంద ఆ గీతల వెంట ఉలి నడిపాడు. ఒక చెంప మీద ‘పందిళ్లపాడు’, రెండో చెంప మీద ‘గాదెలూరు’. రెండింటి కిందా ‘2’. రెండు ఊళ్లకీ సరిగ్గా రెండేసి మైళ్ల దూరంలో, వాగు ఒడ్డున నిలబడాల్సిన రాయిని నేను. అక్షరాల పేర్లు తెలియవు కాబట్టి యల్లమంద తనే పేర్లు పెట్టుకున్నాడు. సున్నాను గోలీ అన్నాడు. ‘లూ’ను తోక తిప్పిన ఎద్దు అన్నాడు. ‘ళ్ల’ను మాత్రం పాము అన్నాడు, చుట్టచుట్టుకున్న తల్లిపాము, కింద పిల్లపాము.

ఏడాది నిండని కూతురు మాణిక్యం రాతి పొట్టులో కూర్చుని ఆడుకుంటుంటే దానికి చెప్పాడు, “సూడు తల్లీ, ఈ పాము చానా మొండిది. ఉలికి లొంగట్లా. ఈడ రాయిలో తెల్లచార ఉంది, గట్టిగా కొడితే ఊడిపోద్ది.”

అందుకని ‘ళ్ల’ను మెల్లగా, పైపైన చెక్కాడు. ఈ కథలో జరిగిన తప్పు అంతవరకే. మిగతాదంతా మీరు తెలిసి చేసింది.

నన్ను పాతిన కొత్తలో మీరు మంచివాళ్లే. కాకర, పొట్ల, దొండ పందిళ్లు ఎక్కువ కాబట్టి ఒక ఊరు పందిళ్లపాడయింది. జొన్న గాదెలు ఎక్కువ కాబట్టి ఇంకొకటి గాదెలూరయింది. కాయలు అటు పోయేవి, జొన్నలు ఇటు వచ్చేవి. ఎదురెదురు వచ్చినవాళ్లు బరువులు నా మీద దించి, బీడీలు ముట్టించుకుని, “ఏం మామా, ఎండ ఇట్టా పేలతా ఉంది?” అని మాట్లాడుకునేవారు. రెండూళ్లూ పెరిగాయి. చెరో బజారు వచ్చింది, చెరో సినిమా హాలు వచ్చింది. అప్పటికీ తగాదా లేదు.

ఒకరోజు రోడ్డు వెయ్యడానికి రోలరు వచ్చింది. ఎక్కడో దూరం నుంచి వచ్చిన డ్రైవరు దాన్ని వెనక్కి తిప్పుతూ నా భుజానికి కొట్టాడు. తెల్లచార దగ్గర ‘ళ్ల’ ఊడి కింద పడింది. ఆ మనిషి కిందికి దిగి, అటూ ఇటూ చూసి, ఆ ముక్కను వాగులోకి విసిరేసి, మళ్లీ రోలరెక్కి పోయాడు. వాడికి తెలుగు చదవడం కూడా రాదనుకుంటాను.

నా చెంప మీద ఇప్పుడు ‘పంది పాడు’ అని మిగిలింది.

మర్నాడు బసివిరెడ్డి గాదెలూరు నుంచి పెళ్లి భోజనం చేసి బండి మీద వస్తూ చూశాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు, ప్రెసిడెంటు కావాలని తహతహ. ఓట్లడగడానికి చెప్పుకునేదేమీ లేక తిరుగుతున్నాడు. నన్ను చూడగానే వాడి మొహం వెలిగింది. అవును, కోపం తర్వాత వచ్చింది. ముందు వెలిగింది. అంత దగ్గర్నుంచి చూసింది నేనొక్కదాన్నే.

“గాదెలూరోళ్లు మన అచ్చరం పీకేశార్రోయ్! మనల్ని పందులన్నారు!” అని ఊళ్లోకి అరుచుకుంటూ పోయాడు.

వందమంది వచ్చారు. వాళ్ల బడిలో తెలుగు చెప్పే పురుషోత్తం మాస్టారినీ వెంటబెట్టుకొచ్చారు.

“మాస్టారూ, ఆళ్ల అచ్చరం మనమూ ఒకటి పీకుదామా?”

మాస్టారు నా రెండో చెంపను చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. “పీకడం దేనికయ్యా? మనం ఇచ్చేవాళ్లం. ఆళ్లకు ఒకటి ఇద్దాం” అన్నారు.

‘గా’కూ ‘దె’కూ మధ్య కింద హంసపాదు చెక్కించి, దాని పైన చిన్నగా ‘డి’ చెక్కించారు. రాసేటప్పుడు మరిచిపోయిన అక్షరాన్ని మధ్యలో దూర్చడానికి పిల్లలు కాపీ పుస్తకాల్లో పెట్టుకునే గుర్తే ఆ హంసపాదు. గాడిదెలూరు. చేసింది వెధవ పనే అయినా మాస్టారు పద్ధతి తప్పలేదు. గుర్తు ఒంకరగా వచ్చిందని ఇంకోసారి దిద్దించారు కూడా. నాకు ఒక అక్షరం పోయి ఒక అక్షరం వచ్చింది. లెక్క మళ్లీ తొమ్మిదే.

పున్నయ్య అప్పటికే గాదెలూరు ప్రెసిడెంటు. సాయంత్రం మనుషుల్ని వేసుకుని వచ్చి, నా ముందు వంగి, “గా... డి... దె...” అని కూడబలుక్కున్నాడు. వెనక నిలబడ్డ మేనల్లుడు ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. పున్నయ్య వెనక్కి తిరిగి చేతికర్రతో మూతి మీద ఒక్కటిచ్చాడు. రెండు పళ్లు నా పాదం దగ్గర రాలాయి. ఈ యుద్ధంలో మొదటి నెత్తురు గాదెలూరోడిది. కారించినవాడూ గాదెలూరోడే.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు మీరు చేసినవి గుర్తుచేస్తాను, వినండి.

బస్సు కండక్టరు “పందిళ్లపాడు” అని నోరారా పలికినా, ‘ళ్ల’ను మింగాడని పందిళ్లపాడోళ్లు అతని చెయ్యి విరిచారు. తర్వాత వచ్చిన కండక్టరు భయపడి ఊరి పేర్లే మానేసి, “ఇవతలి ఊరు! అవతలి ఊరు!” అని అరిచాడు. మమ్మల్ని అవతలోళ్లంటావా అని గాదెలూరోళ్లు అతన్ని బస్సు కిందికి లాగి, నడుం మీద తొక్కారు. పందిళ్లపాడు హాల్లో సినిమాలో గాడిద కనబడితే ఈలలు వేశారని గాదెలూరోళ్లు తెర తగలబెట్టారు. తెరతో పాటు ఆపరేటరు వీపు కూడా కాలింది. పెళ్లి శుభలేఖలో ‘ళ్ల’ ఒత్తు సరిగ్గా పడలేదని అచ్చువేసిన మనిషి వేళ్లను తలుపు సందులో పెట్టి నొక్కారు. అతను మూడో ఊరివాడు.

ఒకనాడు పొద్దున్నే ఇరవై పందులు పందిళ్లపాడు బజారులో తిరిగాయి. ఒక్కోదాని మెడలో ఒక్కో వార్డు మెంబరు పేరు రాసిన అట్ట. బసివిరెడ్డి ఏం చేశాడు? గాదెలూరు మీదికి పోలేదు. ఊరి చివర పందులు మేపుకునే ఎనిమిది కుటుంబాల మీదికి పోయాడు. “మీ వల్లే గదరా మన ఊరికి ఆ పేరు!” అని గుడిసెలు తగలబెట్టించాడు. నడవలేని ఒక ముసలామెను మంచంతో సహా రోడ్డు మీద పడేశారు. అటు గాదెలూరులో గాడిద కనబడకూడదని దండోరా వేయించి, బట్టలుతికేవాళ్ల గాడిదల్ని కర్రలతో కొట్టి చంపారు. అడ్డం పడిన పెదనరసయ్య అనే ముసలాయనకు మోకాలి చిప్ప పగలగొట్టారు. అప్పటి నుంచి ఆ వీధి మనుషులే మూటలు నెత్తిన మోశారు. ఊరి పరువు కోసం.

చూశారా? పంది అన్నందుకు బసివిరెడ్డికి దెబ్బ తగల్లేదు. గాడిద అన్నందుకు పున్నయ్యకు దెబ్బ తగల్లేదు. ఇన్నేళ్ల యుద్ధంలో ఆ ఇద్దరి తలల మీద ఒక్క కుట్టు లేదు. కావాలంటే టోపీలు తీయించి వెతకండి.

ఇక వంతెన సంగతి.

వాగు మీద ఉన్నది చప్టా. నీళ్లు లేనప్పుడు నడిచిపోయే రాతి బాట. ఎగువన వాన కొడితే ఇక్కడ చినుకు పడకపోయినా చప్టా మునుగుతుంది. ఏటా ఇద్దరో ముగ్గురో కొట్టుకుపోతారు. రెండూళ్లకీ కలిపి ఉన్న ఒక్క ఆసుపత్రి గాదెలూరులో, వాగుకు అటువైపు. ప్రభుత్వం మూడుసార్లు వంతెన ఇచ్చింది. మొదటిసారి శంకుస్థాపన రాయి మీద పందిళ్లపాడు పేరు ముందుందని గాదెలూరోళ్లు దాన్ని పగలగొట్టారు. రెండోసారి గాదెలూరు పేరు ముందుందని పందిళ్లపాడోళ్లు. మూడోసారి ఇంజనీరు తెలివిగా రెండు పేర్లూ గుండ్రంగా చెక్కించుకొచ్చాడు, మొదలూ చివరా లేకుండా. చదవడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలనే దగ్గర తల పగిలింది. ఇంజనీరు తల.

వంతెన స్తంభాలు లేస్తే అక్కడ ఇసుక తవ్వనివ్వరు. వాగులో తవ్వే ఇసుక లారీలకు ముందు అద్దం మీద బసివిరెడ్డి కొడుకు పేరు, వెనక చెక్క మీద పున్నయ్య కొడుకు పేరు ఉంటాయి. లారీ ఒకటే. అది నా పక్క నుంచే పోతుంది. నాకొచ్చిన తొమ్మిది అక్షరాలతోనే ఆ రెండు పేర్లలో సగం చదివాను. మీకు బడులున్నాయి, మీరెందుకు చదవలేదు?

మాణిక్యం పెరిగి పెద్దదై, నా పక్కనే నీడకు పట్టా కట్టుకుని మిరపకాయ బజ్జీలు వేసేది. నాకు కండువాలా తడిగుడ్డ ఆరేసేది. నన్ను చెల్లెలా అని పిలిచేది, ఇద్దరినీ ఒకే మనిషి పెంచాడని. చప్టా మీద మనుషులు కొట్టుకుపోవడం ఎదురుగా కూర్చుని చూసిందేమో, ఒకరోజు తండ్రిని పట్టుకొచ్చింది.

“చెక్కింది నువ్వే గదా నాయనా. నువ్వే సరిచెయ్యి. అచ్చరం సరిగ్గా ఉంటే ఈళ్లకు కొట్టుకునేదానికి ఏముంటది? అప్పుడన్నా వంతెన కట్టనిస్తారు.”

యల్లమంద వంగి విరిగిన చోట బొటనవేలితో నిమిరాడు. రాయి ఎలా విరిగిందో రాయి కొట్టేవాడికి చెప్పక్కర్లేదు.

“ఇది ఉలి దెబ్బ గాదమ్మా” అన్నాడు. “ఇనప చక్రం దెబ్బ. పక్క నుంచి తోసింది. రోడ్డు రోలరు.”

నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని. ముప్పై ఏళ్లకు ఒక మనిషి నిజం చెప్పాడు. ఆ నిజం తీసుకుని తండ్రీ కూతుళ్లు రెండూళ్లకూ పోయారు. బసివిరెడ్డి మీసం మీద చెయ్యేసి, “ఏ చక్రమయితే ఏందిరా? గాదెలూరు రోడ్డు మీంచే గదా వచ్చింది” అన్నాడట. పున్నయ్య, “రోలరు మా అచ్చరం కూడా చెక్కిందా?” అన్నాడట. ఆ మాట మాత్రం నిజం.

అయినా మాణిక్యం వదల్లేదు. తిరిగి తిరిగి ఒప్పించింది. ముందు ఎవరిది సరిచెయ్యాలి అనేదానికే ఆరు నెలలు పట్టింది. చివరికి ఆమే దారి చెప్పింది. “ఇద్దరివీ ఒకేసారి. ఒక చెంప మీద మా నాయన ‘ళ్ల’ చెక్కుతాడు. రెండో చెంప మీద నేను ‘డి’ అరగదీస్తా. డప్పు దెబ్బకు ఇద్దరం ఒకేసారి సుత్తి దించుతాం.”

ఆ రోజు రెండూళ్లూ వాగు ఒడ్డుకు వచ్చాయి. కర్రల్లేకుండా రావాలనుకున్నారు. అందరూ చేతికర్రలు తెచ్చారు. ఒక్కసారిగా అందరికీ మోకాళ్ల నొప్పులు. యల్లమంద పందిళ్లపాడు చెంప వైపు, మాణిక్యం గాదెలూరు చెంప వైపు గొంతుక్కూర్చున్నారు.

“ఆగండాగండి!” అన్నాడు పున్నయ్య. “ఆళ్ల వైపు మగోడు, మా వైపు ఆడదా?”

తండ్రీ కూతుళ్లు లేచి అటూ ఇటూ మారారు.

“ఏయ్! ఇప్పుడు మా వైపు ఆడది!” అన్నాడు బసివిరెడ్డి.

“అయ్యా, సుత్తికి ఆడామగా ఉందా?” అంది మాణిక్యం. “ఉలి పట్టుకున్నాక రాయికి తెలియదు సామీ, ఎవరు కొట్టారో.”

నాకు తెలుసు. ఆమె చెయ్యి తండ్రి చెయ్యికంటే నిలకడ. కానీ నన్నెవరూ అడగలేదు. మళ్లీ మొదటిలాగే కూర్చోబెట్టారు, గాదెలూరు వైపు పరువుకు ఒక తలపాగా మాణిక్యం నెత్తిన చుట్టి. జనం నవ్వారు. రెండూళ్లూ కలిసి నవ్వడం ముప్పై ఏళ్లలో అదొక్కసారే. ఆ నవ్వు నా ఒంట్లో ఇంకా ఉంది.

డప్పు మోగింది. సుత్తులు దిగాయి. ఒకటి. రెండు. మూడు. ‘ళ’ మెల్లగా లేచింది, చుట్టచుట్టుకున్న తల్లిపాము. ‘డి’ పొడి పొడిగా రాలింది. సగం పని అయింది. నేను ఊపిరి బిగబట్టాను, రాయి బిగబట్టగలిగినంత.

అప్పుడు యల్లమందకు దగ్గొచ్చింది. బతుకంతా పీల్చిన రాతి దుమ్ము ఆ ఛాతీలో ఉంది. దగ్గు తోసిన తోపుకు సుత్తి డప్పుకంటే ముందు పడింది.

“ముందు కొట్టాడు! ఒక దెబ్బ ఎక్కువ కొట్టాడు!”

ఎవరన్నారో చెప్పను. ఏ ఊరో చెబితే ఇంకో ఊరు సంబరపడుతుంది. ఒక రాయి వచ్చింది. ఇంకో రాయి. మోకాళ్ల నొప్పులన్నీ పోయి చేతికర్రలు గాల్లోకి లేచాయి. ఒకడి చెవి తెగి నా మీద అంటుకుంది. ఒకడు కిందపడితే వాడి మీదుగా పదిమంది పరిగెత్తారు, వాడి పక్కటెముకలు విరగడం నాకు వినబడింది. డప్పు కొట్టేవాణ్ణి డప్పుతోనే కొట్టారు. మధ్యలో నాటు బాంబు వచ్చింది. అది నన్ను గురి చూసి వేసింది. నా పక్కన యల్లమంద కుడిచెయ్యి ఉంది.

పొగ తగ్గాక ఆ చెయ్యి లేదు. సుత్తి మాత్రం ఉంది.

మాణిక్యం తలపాగా విప్పి మొండిచేతికి బిగించి కట్టింది. తండ్రిని వీపు మీద వేసుకుని వాగు దగ్గరికి పరిగెత్తింది. ఎగువన ఎప్పుడు వాన కొట్టిందో, ఎర్రనీళ్లు మనిషెత్తున దూకుతున్నాయి. చప్టా కనబడలేదు. ఆసుపత్రి అటు ఒడ్డున రెండు మైళ్లు. నా మీద రాసుంది గదా, 2.

“ఎవరన్నా తాడు పట్టండయ్యా! మీ కాళ్లు మొక్కుతా! ఒక్క తాడు!”

బాంబు పేలగానే, నీళ్లు రాకముందే చప్టా దాటి పారిపోయిన గాదెలూరోళ్లు అటు ఒడ్డున నిలబడి ఉన్నారు. ఇటు ఒడ్డున పందిళ్లపాడోళ్లు నిలబడి ఉన్నారు. తాడు ఇటు నుంచి ముందు వెయ్యాలా, అటు నుంచి ముందు వెయ్యాలా? నిజంగా అదే మాట అడిగారు. నేను విన్నాను.

మాణిక్యం వెనక్కి వచ్చి తండ్రిని నాకు ఆనించి కూర్చోబెట్టింది. నెత్తురు నా పాదం నుంచి వాగులోకి పోయింది. యల్లమంద ఎడమచెయ్యి పైకెత్తి, తను చెక్కిన ‘ళ’ను తడిమి చూశాడు.

“పిల్లపాము మిగిలిపోయిందే తల్లీ” అన్నాడు. “ఒత్తు.”

అంతే. సాయంత్రానికి వాగు తగ్గింది. చప్టా బయటపడింది. అప్పటికి దాటించాల్సిన మనిషి లేడు.

నన్ను సాక్ష్యంగా పెరికి ట్రాక్టరు మీద వేసి తీసుకొచ్చారు. సాక్ష్యమంటే చెప్పేదనుకున్నాను, పడి ఉండేదట. పదకొండేళ్లుగా పడి ఉన్నాను. బాంబు ఎవరు వేశారో రెండు వేలమంది చూశారు, ఒక్కరూ చూడలేదు. మాణిక్యం ప్రతి సోమవారం వస్తుంది. మండలాఫీసులో అర్జీ ఇచ్చి, నా దగ్గరికొచ్చి, నా మీద పడ్డ ఎండుటాకులు ఊడ్చి, “ఈ వారం కూడా లేదంట చెల్లెలా” అని చెప్పి పోతుంది. ఆమె కేసు గురించి అడగడం ఎప్పుడో మానేసింది. అర్జీలో రాసేది ఒకటే: వంతెన. ఈ పదకొండేళ్లలో చప్టా మీద పోయినవాళ్ల పేర్లు వరుసగా రాస్తుంది. ఎవరు ఏ ఊరో రాయదు. నిరుడు అర్జీకి రెండో కాగితం కుట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మీకు కొత్త ఆలోచన వచ్చిందని విన్నాను. కేసు రాజీ అయిందట. బసివిరెడ్డి, పున్నయ్య ముసలివాళ్లయి ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఫొటో దిగారట. నన్ను తీసుకుపోయి రంగు వేసి, గద్దె కట్టి, దండలేసి, శాంతి స్తూపమని నిలబెడతారట. గద్దె మీద ఏ ఊరి పేరు ముందుండాలో తేల్చుకోవడానికి కమిటీ కూడా వేశారట.

వద్దు. గద్దె వద్దు, దండ వద్దు. నా మీది నెత్తురు మీద రంగు వెయ్యడానికి మీకు హక్కు లేదు.

చెయ్యాల్సింది చెబుతాను. తొలకరికి ఇంకా నాలుగు నెలలున్నాయి. రేపే ఇసుక లారీలు ఆపండి. వాగులో గుంత తీయండి. నన్ను స్టేషను నుంచి వాగు ఒడ్డుకు మోసుకుపొండి, ముందు పట్టు బసివిరెడ్డి కొడుకు, వెనక పట్టు పున్నయ్య కొడుకు. వాళ్లకు ఒకే బరువు రెండు కొసలా పట్టుకోవడం అలవాటే. నన్ను కంకర కొట్టండి. తొమ్మిది అక్షరాలూ ముక్కలు కావాలి. ఏది ఏ ఊరి ముక్కో ఏ మాస్టారూ గుర్తుపట్టకూడదు. ఆ కంకర మొదటి స్తంభంలో పోయండి. వంతెనకు పేరు పెట్టొద్దు. శిలాఫలకం పెట్టొద్దు. దాటాల్సినవాళ్లకు అది వంతెనని తెలుస్తుంది.

నన్ను పగలగొట్టేటప్పుడు డప్పు కొట్టించొద్దు. ఎవరు ముందని అడగొద్దు. యల్లమంద సుత్తి ఇంకా స్టేషను బీరువాలో ఉంది, నా నంబరుకు పక్క నంబరు వేసి. అది బయటికి తీసి మాణిక్యం చేతికివ్వండి. ఇచ్చి, పక్కకు జరగండి.